కాపురమునకు రాననిన భార్య
(ఒక పఠనాలయమున గావించిన యుపన్యాసము)



వివాహితయైన స్త్రీ "ఈ వివాహము నాకు సమ్మతము గాదు" అని పలికినచో మన పెద్దలు తొలుత శాస్త్రమును జూపుదురు. ఆ శాస్త్ర మెక్కడిదో నేడు విచారింతము.

బొంబాయిలో రుఖ్మాబాయి యను బాలికకు పదునొకండవ యేట దాదాజీ భికాజీతో వివాహము జరిగెను. ఆమె పుట్టినింటనే పెరిగి, చదువు నేర్చి, యుక్తవయస్సు వచ్చిన పిదప కాపురమునకు బోనని చెప్పెను. 1884లో భర్త దావా వేసెను. 1885లో పిన్హే న్యాయమూర్తి దానిని గొట్టివేసెను. ఆయన చెప్పిన కారణము మనము చెవినిడదగినది: భార్యను బలిమిని కాపురమునకు రప్పించు దావా హిందూ ధర్మశాస్త్రములోనిది గాదు, ఇంగ్లండునందలి క్రైస్తవ మతన్యాయస్థానముల నుండి దిగుమతియైనది. ఇంకను వింత యేమనగా, ఇట్టి డిక్రీని ధిక్కరించినవారిని చెరసాలకు బంపుట 1884లోనే ఇంగ్లండు మానుకొన్నది. ఇచ్చట తిలకుగారి వంటి దేశభక్తులు సైతము స్వధర్మరక్షణ పేర భర్త పక్షము వహించిరి. సీమసరకును స్వదేశి యని కౌగిలించుకొనుట గాక యిది మఱేమి?

అప్పీలులో తీర్పు తలక్రిందయ్యెను. 1887లో ఫారన్ న్యాయమూర్తి కాపురమునకైన బొమ్ము, ఆఱు నెలలు చెరకైన బొమ్మనెను. చెరకే పోదునని యామె యుత్తరము. 1888లో రెండువేల రూపాయలతో రాజీ కుదిరినది. పిమ్మట నామె లండనులో వైద్యము నభ్యసించి వచ్చి, సూరతు, రాజకోటలందు చిరకాలము స్త్రీలకు చికిత్స చేసెను.

ఆమెకు విద్య యుండెను. సవతితండ్రి డాక్టరు సఖారాం అర్జున్ గారి యింట బెరిగిన ధైర్య ముండెను. ఇవి లేని యిల్లాలు ఎచ్చట నిలిచి "పోను" అనగలదు? పుట్టినింట రెండు దినములు గడచునప్పటికి "నీ యింటి కెప్పుడు పోయెదవమ్మా?" అని యిరుగుపొరుగువా రడుగుదురు. వదినె మొగము ముడుచుకొనును. పిడికెడు మెతుకుల కొఱకు మరల నదే గడప.

ఇది తీరిపోయిన కథ యనుకొందురేమో! 1955 నాటి హిందూ వివాహ చట్టమున 9వ సెక్షనుగా నీ సీమన్యాయమే నిలిచినది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టున జస్టిస్ పి. ఏ. చౌదరిగారు ఒక నటీమణి వ్యాజ్యమున నది రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పిరి. మఱుసటి యేడే సుప్రీంకోర్టు సరోజ్ రాణి వ్యాజ్యమున నా సెక్షను చెల్లుననెను. ఇంగ్లండైతే 1970లోనే దీనిని కొట్టివేసికొన్నది. మన కోర్టులలో మాత్రము భార్య మనోవర్తి కోరినంతనే భర్త 9వ సెక్షను క్రింద దావా వేయుట వకీళ్లెల్ల రెఱిగిన యుపాయమే.