మంట పుట్టే తలుపులు

ఉమ్ సలాల్ నుంచి మాట్లాడుతున్నాను.

కిందటి వేసవిలో మా అత్తయ్యగారు గుంటూరు నుంచి మా ఇంటికి వచ్చారు. షుగరు వల్ల ఆవిడకి రాత్రిళ్ళు అరికాళ్ళు మండుతాయి. బయల్దేరే నెల ముందే ఫోన్ చేసి, "అత్తయ్యా, పచ్చళ్ళ సంగతి తర్వాత, మందుల డబ్బాలో ఏమున్నాయో చదవండి" అన్నాను. ప్రీగాబాలిన్ ఉంది. ట్రమడాల్, కోడీన్ లాగే ఖతార్‌లో దాని మీదా ఆంక్షలున్నాయి. తెలియక తెచ్చినా చిక్కే. డాక్టరుగారు దాన్ని మెల్లగా తగ్గించి వేరే మందు రాశారు. అయినా ఇక్కడ మొదటి వారమంతా ఆవిడకి నిద్ర లేదు.

ఈ మందులకి ఇన్ని ఆంక్షలెందుకు? ఇవి నొప్పి దగ్గర ఆగవు, మెదడు మీదా పనిచేస్తాయి. మత్తు, అలవాటు అక్కడి నుంచే. మరి నొప్పి పుట్టే చోటే ఆపలేమా?

మన నరాలకి సన్నని తలుపులుంటాయి. అయాన్ ఛానళ్ళంటే అవే. అవి తెరుచుకుని సోడియం, కాల్షియం లోపలికి వెళితే నొప్పి కబురు బయల్దేరుతుంది. మిరపకాయ తిన్నా, నిప్పు తగిలినా మనం 'మంట' అనే అంటాం కదా! అది నిజమే. రెండింటికీ తెరుచుకునే తలుపు ఒక్కటే, టీఆర్‌పీవీ1. 1997లో దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మామూలుగా అది 43 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. వాపు ఉన్నచోట ఇంకా తక్కువ వేడికే తెరుచుకుంటుంది. ఎండకి కమిలిన చర్మం మీద గోరువెచ్చని నీళ్ళు పడినా భగ్గుమనేది అందుకే.

అయితే దాన్ని మూసేస్తే సరిపోదా? అలాంటి మందులు పరీక్షించినప్పుడు కొందరికి ఒళ్ళు వేడెక్కి జ్వరమొచ్చింది, వేడి వస్తువు తగిలినా సరిగా తెలియలేదు. మన ఉమ్ సలాల్ ఎండల్లో అలాంటి మందు వేసుకుంటే ఏమవుతుందో ఊహించండి!

ఇంకో తలుపు నావ్1.7. పుట్టుకతోనే అది పనిచేయని పాకిస్తాన్ కుటుంబాల గురించి 2006లో ప్రచురించారు. వాళ్ళలో ఒక పిల్లవాడు నిప్పుల మీద నడిచి చూపించేవాడు. నొప్పి తెలియక, ఇంటికప్పు మీంచి దూకి చనిపోయాడు. నొప్పి శత్రువే కాదండీ, కాపలాదారు కూడా.

అందుకే నొప్పి నరాల్లోనే ఎక్కువగా ఉండే నావ్1.8 తలుపును పట్టుకున్నారు. దాన్ని మూసే సుజెట్రిజిన్‌కు 2025 జనవరిలో అమెరికా అనుమతి వచ్చింది. అది నల్లమందు జాతి మందు కాదు. కానీ ఆ అనుమతి పెద్దవాళ్ళకి, ఆపరేషన్ తర్వాత వచ్చేలాంటి కొద్దికాలపు నొప్పికే. అత్తయ్య కాళ్ళ మంటకి కాదు.

ఆవిడకి ఆ మాటే చెప్పాను. "సరేలే, వచ్చేదాకా చన్నీళ్ళున్నాయిగా" అని నవ్వారు.

మీ పెద్దవాళ్ళు వస్తుంటే టిక్కెట్టుతో పాటు మందుల చీటీ కూడా ముందే చూడండి. సొంతంగా మాత్రం ఏ మందూ ఆపించకండి. సెలవు.