డయాజిపామ్ వేసుకుంటున్నారా?

నిద్ర పట్టడం లేదనో, గుండె దడగా ఉందనో ఎప్పుడో డాక్టరు రాసిచ్చిన చిన్న మాత్రను ఏళ్ల తరబడి వేసుకుంటున్న పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. పాత చీటీ మందుల షాపులో చూపించి, అదే మాత్ర మళ్లీ మళ్లీ తెచ్చుకుంటారు. అలాంటి మాత్రల్లో బాగా పాతది డయాజిపామ్.

అమెరికాలో రోష్ కంపెనీలో పనిచేసిన లియో స్టెర్న్‌బాక్ దీన్ని తయారుచేశారు. 1963లో వాలియం పేరుతో అక్కడి బజారుకొచ్చింది. అంతకుముందు వాడిన బార్బిట్యురేట్లు అనే నిద్రమందులు మోతాదు మించితే ప్రాణాలు తీసేవి. ఇది వాటికన్నా భద్రమని డాక్టర్లు ధైర్యంగా రాశారు. అలవాటుగా మారుతుందన్న సంగతి తరవాత బయటపడింది.

మన మెదడులో ఉద్రేకాన్ని అణిచే గాబా అనే రసాయనం ఉంటుంది. ఈ మందు దానికి బలం చేకూరుస్తుంది. అందుకే కంగారు తగ్గుతుంది, కండరాలు సడలుతాయి, నిద్ర ముంచుకొస్తుంది. ఫిట్స్ ఆపడానికి ఇప్పటికీ వాడతారు. కానీ కొన్ని వారాలు రోజూ వేసుకుంటే మెదడు దానికి అలవాటు పడిపోతుంది. అప్పుడు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర దూరమవుతుంది. కొందరికి ఫిట్స్ వస్తాయి, లేని మనుషులు కనిపిస్తారు.

తెలంగాణలో ఈ బాధ చాలామంది పడ్డారు. కల్తీ కల్లులో కలిపే మందుల్లో డయాజిపామ్, అల్ప్రాజోలమ్ ఉంటాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క, వణుకుతూ, ఏదేదో మాట్లాడుతూ ఎందరో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వచ్చారు. వాళ్లకు పిచ్చి పట్టిందనుకోవడం అన్యాయం. మందు హఠాత్తుగా ఆగిపోతే శరీరం పడే యాతన అది.

పెద్దవయసులో ఇంకో ప్రమాదం ఉంది. ఈ మందు ఒంట్లోంచి పోవడానికి రోజులు పడుతుంది. ఆ మత్తులో రాత్రి బాత్‌రూమ్‌కి లేచినప్పుడు కాలు తడబడి పడితే తుంటి ఎముక విరగవచ్చు. మద్యంతో కలిస్తే ఊపిరే మందగిస్తుంది.

అలాగని ఈ మాటలు విని ఈ రాత్రే మాత్రలు పారేయకండి, దయచేసి. డాక్టరు మోతాదును వారాలు, ఒక్కోసారి నెలలు పట్టి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. వెళ్లేటప్పుడు పాత చీటీ, మాత్రల షీటు రెండూ తీసుకెళ్లండి. ఎన్నేళ్లుగా వేసుకుంటున్నారో, మద్యమో కల్లో అలవాటుందేమో దాచకుండా చెప్పండి. ఎంత నెమ్మదిగా తగ్గించాలో డాక్టరు తేల్చుకునేది ఆ వివరాలను బట్టే.