‘నీకేం కావాలి?’ అని అడుగుదాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1984 పదో తరగతి బ్యాచ్. చాలామంది నన్ను పేరుకన్నా ముందు నడకతో గుర్తుపడతారు. రెండో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. అప్పట్లో మమ్మల్ని వికలాంగులనేవారు. తరవాత దివ్యాంగులన్నారు, విభిన్న ప్రతిభావంతులన్నారు. పేర్లు మారాయి గానీ, చదువయ్యాక ఎదురయ్యే ప్రశ్న మారలేదు: “వీడికి ఉద్యోగం ఎవరిస్తారు?” ఈరోజు దాని గురించే నాలుగు మాటలు చెబుతాను.

మేం ఎనిమిదిలో ఉన్నప్పుడు సైన్సు ల్యాబు మేడ మీద ఉండేది. ఇప్పుడూ అక్కడే ఉంది. అప్పుడు మెట్ల పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. మొదటి ప్రాక్టికల్ రోజున నేను కిందే కూర్చుండిపోయాను. సైన్సు మాస్టారు దిగివచ్చి, “ఏరా, పైకి రావాలంటే నీకేం కావాలి?” అన్నారు. “పట్టుకోడానికి ఏదైనా ఉంటే ఎక్కుతాను మాస్టారూ” అన్నాను. వారం తిరక్కుండా గోడ వెంట జీఐ పైపు బిగించారు. ఎంత ఎత్తులో ఉండాలో నన్ను నిలబెట్టి కొలిపించారు. ఆ తరవాత ఎన్నో భవనాలకు డిజైన్లు చేశాను గానీ, నా మొదటి డిజైను అదే అనుకుంటాను.

ఇంజనీరింగ్ పూర్తయ్యాక మాత్రం ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. 1991లో ఒక సంస్థ రాతపరీక్షలో, ఇంటర్వ్యూలో నెగ్గాను. వైద్యపరీక్షలో “అన్‌ఫిట్” అని రాసేశారు. ఆ ఉద్యోగం డ్రాయింగ్ బల్ల ముందు కూర్చుని చేసేదే. తొమ్మిది నెలలు తిరిగాను. చివరికి హైదరాబాదులో ఒక చిన్న కన్సల్టెన్సీ యజమాని, “సైటుకు వెళ్ళాల్సి వస్తే ఎలా చేస్తావు?” అని సూటిగా అడిగారు. “నిచ్చెన ఎక్కలేను సార్. పైన కొలతలు ఇంకొకరు తీస్తే లెక్క నేను సరిచూస్తాను” అన్నాను. “సోమవారం రా” అన్నారు.

ఇంతవరకు నాకు జరిగింది చెప్పాను. ఇప్పుడు నేను చేసింది చెప్పాలి. 2009లో ఇంటర్వ్యూ బల్లకు అవతలి పక్కన నేనే కూర్చున్నాను. వినికిడి లోపమున్న కుర్రాడొకడు వచ్చాడు. లెక్కలు చక్కగా చేశాడు. “సైటువాళ్ళతో ఫోన్లో మాట్లాడాలి కదా, వీడి వల్ల కాదు” అని నాలో నేనే తేల్చుకుని ఇంకొకరిని తీసుకున్నాను. వారం తరవాత అతని నుంచి ఉత్తరం వచ్చింది. మెయిళ్ళతో, మెసేజీలతో ఆ పని ఎలా చేస్తాడో రాసి, “మీరు అడుగుతారేమోనని చూశాను సార్” అన్నాడు. అప్పటికే వేరేచోట చేరిపోయాడు. కాలిపర్ వేసుకున్న నేనే అడగలేదంటే, మిగతావాళ్ళను ఏమనగలను?

నేను ఉద్యోగం వెదికిన రోజుల్లో మన కోసం ప్రత్యేక చట్టం లేదు. 1995 చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసింది. 40 శాతం, ఆపైన వైకల్యమున్నవారికి అది వర్తిస్తుంది. ప్రైవేటు సంస్థలకు రిజర్వేషన్ లేదు గానీ, ఆ చట్టం ప్రకారం అవి కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినా, ప్రభుత్వ సంస్థ ఆ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఇవి మనలో చాలామందికి తెలియవు.

బడిలో ఉన్న పిల్లలకు ఒక మాట. యూడీఐడీ కార్డు ఇప్పుడే తీసుకోండి. ఇంటర్వ్యూలో మీ లోపం గురించి వాళ్ళు ఊహించుకునేలోపే, ఆ పని మీరెలా చేస్తారో, అందుకేం కావాలో మీరే చెప్పండి. తల్లిదండ్రులారా, “నువ్వు ఇంటిపట్టున ఉంటే చాలు” అని ప్రేమతోనైనా అనకండి.

ఇక మనం. మనలో ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, దుకాణాలు నడిపేవాళ్ళున్నారు. ఉద్యోగం దయతో ఇవ్వమనడం లేదు. కాదనే ముందు ఒక్కసారి అడగండి.

నిన్న సాయంత్రం ఆ పైపు పట్టుకుని చూశాను. తుప్పు పట్టినా గట్టిగానే ఉంది. కానీ చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డకు అది పనికిరాదు. 11 అడుగుల మేడకు 1:12 వాలుతో ర్యాంపు కట్టాలంటే 132 అడుగుల పొడవు కావాలి, మలుపుల దగ్గర చదును అదనం. మన ఆవరణలో అంత చోటు లేదు. కాబట్టి ల్యాబునే కిందికి తెద్దాం. స్వర్ణోత్సవ నిధిలో మొదటి ఖర్చు అదే కావాలని నా మనవి. డ్రాయింగులు నేను ఉచితంగా ఇస్తాను. బల్లల ఎత్తు మాత్రం నేను నిర్ణయించను. ఆ పిల్లల్ని పిలిచి, మాస్టారు నన్ను కొలిచినట్టే కొలిచి వేస్తాను.