ఫైలు పేరు చివరి అక్షరములు



ఈ రజతోత్సవ సభలో పుస్తకములను గూర్చి పెద్దలు చాల చెప్పిరి. నేను పుస్తకము కాని వ్రాతలను గూర్చి మనవి చేయుదును. నేడు ఉద్యోగ ప్రకటనయు, హాలు టికెట్టును, పెండ్లి పత్రికయు ఫైళ్ల రూపమున సెల్‌ఫోనులోనికి వచ్చుచున్నవి. ఫైలు పేరు చివర ఒక చుక్కయు, దాని వెనుక మూడు నాలుగు అక్షరములును ఉండును. వీనిని ఎక్స్‌టెన్షన్ అందురు. మనకు ఇంటిపేరు ముందుండును. ఫైలుకు వెనుక నుండును.

ఈ తోకను చూచియే యంత్రము ఏ ప్రోగ్రామును పిలువవలెనో నిర్ణయించుకొనును. పీడీఎఫ్ అయినచో పత్రములు చదివించునది, జేపీజీ అయినచో బొమ్మలు చూపునది, ఎమ్‌పీ3 అయినచో పాట వినిపించునది తెరచుకొనును. తగిన ప్రోగ్రాము లేనిచో ఫైలు క్షేమముగా నున్నను అక్కరకు రాదు. తెలుగు అచ్చుపనివారికి ఈ కష్టము బాగుగా తెలియును. పేజ్‌మేకరులో ‘అను ఫాంట్ల’తో కూర్చిన సంచికలు ఎన్నియో కలవు. 2001లో వచ్చిన 7వ కూర్పుతో ఆ ప్రోగ్రాము ఆగిపోయినది. దాని పీఎమ్‌డీ ఫైలును తెరువగల కంప్యూటరు నేడు అరుదు. ఆ అక్షరములను వేరొకచోట అతికించినను, ఫాంటు లేనిచో తెలుగు పోయి పిచ్చి గీతలు మిగులును. ఈ సంచికను పీడీఎఫ్‌గాను, యూనికోడు పాఠముగాను గూడ భద్రపరుపవలెనని సంపాదకులను కోరుచున్నాను.

అయితే తోక చీటీయే కాని సరుకు కాదు. మన సింగరేణి బొగ్గు జీ-9యో, జీ-13యో వ్యాగను మీది చీటీ తేల్చదు. నమూనా తీసి, ప్రయోగశాలలో వేడిమి కొలిచి తేల్చుదురు. జేపీజీ పేరును పీడీఎఫ్ అని మార్చినంత మాత్రమున బొమ్మ పత్రము కాజాలదు.

ఈ భేదమునే మోసగాండ్రు వాడుకొనుచున్నారు. వాట్సాప్‌లో పెండ్లి పత్రిక అనియో, బ్యాంకు కేవైసీ అనియో, ట్రాఫిక్ చలాన్ అనియో వచ్చిన ఫైలు చివర ఏపీకే అని యున్నచో అది పత్రిక కాదు. ఆండ్రాయిడ్ ఫోనులో కొత్త ప్రోగ్రామును స్థాపించు ఫైలు. దానిని తెరచి, అడిగిన అనుమతులన్నియు ఇచ్చినచో, అది మన సందేశములు చదివి, ఓటీపీలు దొంగిలించి, ఖాతాను ఊడ్చివేయగలదు. ముప్పది యేండ్లు గనిలో పనిచేసినవాని గ్రాట్యుటీ సొమ్ము ఒక్క పూటలో పోవచ్చును. పంపినది మేనమామ నంబరైనను నమ్మరాదు. ఆయన ఫోనే ముందు చిక్కుకొని యుండవచ్చును. పనివారు దిగకముందు సర్దారు గనిలో గ్యాసు పరీక్షించును గదా! నొక్కకముందు చివరి అక్షరములు అట్లే చూడవలెను.

విండోసులో ఇంకొక చిక్కు. అది తనకు తెలిసిన తోకలను దాచిపెట్టును. కావున ‘జీతపు చీటీ.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ’ అను ప్రోగ్రాము ‘జీతపు చీటీ.పీడీఎఫ్’ అని మాత్రమే కనబడును. ఫైల్ ఎక్స్‌ప్లోరరులో వ్యూ అనుచోట ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఎదుట గుర్తు పెట్టినచో ఆ మరుగు తొలగును.

సొమ్ము పోయినదని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది దానిని ఆపుట కష్టమగును. సభానంతరము గ్రంథాలయపు కంప్యూటరులో ఆ గుర్తు పెట్టి చూపెదను. ఫోనులు తెచ్చినవారు కొంచెము సేపు ఆగుడు.