మూలమును తాకని మార్పులు

కొలిమిగుండ్ల ప్రాంతపు మిద్దె యిండ్లకు నాపరాళ్లతో అరుగు పెంచుకొనవచ్చును, గూడు పెట్టుకొనవచ్చును. దూలమును మోయు గోడలో రాయిని మాత్రము ఎవరును ఊడదీయరు. వెబ్‌సైటు విషయమున మేమా తెలివి చూపలేకపోతిమి.

ఆ మండలపు గ్రామములను గూర్చి, బెలుం గుహలను గూర్చి మేము కొందరు మిత్రులము వర్డ్‌ప్రెస్‌పై ఒక చిన్న సైటును నడుపుచున్నాము. వ్యాసములను, చిత్రములను భద్రపరచి, అడిగినపుడు పుటలుగా కూర్చి చూపు ఏర్పాటు వర్డ్‌ప్రెస్. పుట రూపమును నిర్ణయించు ఫైళ్లను థీము అందురు. తొందరలో మా మార్పులన్నియు ఆ ఫైళ్లలోనే వ్రాసితిమి. కొన్నాళ్లకు భద్రతాలోపమును సవరించు కొత్త కూర్పు వచ్చినది. మీట నొక్కగానే మా వ్రాతలు తుడిచిపెట్టుకొని పోయినవి. మరల వ్రాసి, ఆపైన భయపడి ఏడాదిపాటు ఏ కూర్పును వేయలేదు. గడియ ఊడిన తలుపుతో కాపురమన్నమాట!

ఉపాయము మొదటినుండియు ఉన్నదే. మార్పులను చైల్డ్ థీము అను వేరొక సంచికలో ఉంచినచో, తల్లి థీము మారినను అవి చెదరవు. రూపముతో పనిలేని సౌకర్యములను ప్లగిన్‌గా వ్రాయవలెను. థీమును మార్చినను అవి నిలుచును. ప్రతి మార్పునకు కారణమును వ్రాసిపెట్టి, కొత్త కూర్పును ముందుగా నకలు సైటుపై పరీక్షించుచున్నాము.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడి, కొలిమిగుండ్ల కర్నూలు జిల్లానుండి అందులోనికి వచ్చినది. జిల్లా పేరును ప్రత్యేకమైన గడిలో ఉంచిన పుటలన్నియు ఒక్క సవరణతో మారినవి. వ్యాసము నడుమ చేతితో వ్రాసినవాటిని ఒక్కొక్కటిగా వెదకి దిద్దవలసి వచ్చినది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో మూసలను వాడుట యిందులకే.

ఇక ప్రమాణముల మాట. యూనికోడ్‌లో 1991 నుండియు తెలుగునకు 128 స్థానములు గలవు. అయినను చాలకాలము కొన్ని పత్రికల సైట్లు సొంత ఫాంటు సంకేతములనే వాడినవి. ఆ ఫాంటున్నవారికి అక్షరములు కనబడెడివి. వెదకిన దొరకెడివి కావు. శీర్షికను పెద్ద అక్షరములతో ముద్రించినంతమాత్రమున చాలదు, అది శీర్షికయని గుర్తు ఉండవలెను. పుట భాష తెలుగని తెలుపనిచో, అంధులకు చదివి వినిపించు సాధనము తెలుగును ఇంగ్లీషు ఉచ్చారణతో పలుకవచ్చును, లేదా పూర్తిగ విడిచిపెట్టవచ్చును. చిత్రమునకు వివరణ లేనిచో, వారికి గుహ లేనట్లే.

మా సైటులో ఆ వివరణలు ఇంకను సగము మిగిలియున్నవి.