రాబడి – లాభము



జమ, ఖర్చు, వసూలు – ఇవన్నియు పరభాషలనుండి వచ్చి మన చిట్టాలలో స్థిరపడిన మాటలే. కడపలో కొలువు చేసిన సి. పి. బ్రౌను దొర 1854లో ఇట్టి అన్యదేశ్యములకు ప్రత్యేక నిఘంటువునే ప్రకటించెను. కావున స్పానిషు నేర్వగోరు మన బ్రహ్మంగారిమఠము యువకులకు, లెక్కలు వ్రాయువాడనగు నేను రెండు మాటలు విన్నవించెదను.

ఆ భాషలో రాబడి 'ఇంగ్రేసో'. లోనికి వచ్చుట యని దాని మూలార్థము. మన రాబడియు 'వచ్చుట' నుండి పుట్టినదే. లాభము 'గనాన్సియా', ఖర్చులు పోగా మిగిలినది.

ఈ భేదమును నేను ఆలస్యముగా నెఱిగితిని. తొలినాళ్లలో ఒక రైతు వేరుసెనగ యమ్మిన సొమ్మునంతయు లాభముక్రింద వ్రాసితిని. విత్తనము, ఎరువు, కూలి, వడ్డీ తీసివేయనైతిని. ఆ లెక్క నమ్మి అతడు మరల అప్పుచేసెను.

నాయనలారా, ఏ భాషలోనైనను ముందుగా ఈ రెండు మాటలను వేఱుచేసి నేర్వుడు.