ఒడ్డున మిగలని చేప

ఎవరి పేరుమీద ఈ ఉపన్యాసం ఏర్పాటైందో, ఆ మాస్టారు బడికి రాని పిల్లవాడి ఇంటికి వెళ్తే ముందు పొయ్యి వైపు చూసేవారు. రాజుకుందా, లేదా? నేనూ ఆ పొయ్యి దగ్గరే మొదలుపెడతాను.

శ్రీకాకుళం తీరంలో ఒక పల్లె. తెల్లవారుజామున పడవ ఒడ్డు చేరింది. వంజరాలు, చందువలు ఐసుపెట్టెల్లోకి వెళ్ళాయి. కవళ్ళు, నెత్తళ్ళు గంపలకెక్కాయి. గంట తిరక్కుండా ఇసుకమీద పొలుసులు మిగిలాయి. గంప ఎత్తుకోబోతున్న తల్లిని "ఇంటికేమీ ఉంచుకోలేదేమమ్మా?" అని అడిగాను. "తినేస్తే సావుకారికేటి సెప్తాం బాబూ?" అంది. చంకలో ఏడాదిన్నర పిల్ల. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల ఎరుపే లేదు. ఆ పూట వాళ్ళింట్లో రేషన్ బియ్యపు అన్నం, చింతపండు చారు.

చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇదే రాష్ట్రంలో అయిదేళ్ళలోపు పిల్లలు నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. 63 మందికి రక్తం చాలదు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత దాదాపు 59 శాతం. బియ్యం కడుపు నింపింది, కాదనను. రక్తం పట్టడానికి బియ్యం ఒక్కటే చాలదు.

నెత్తళ్ళు ముల్లుతో సహా నమిలి తినే చేపలు. ఎముకకు కావలసిన కాల్షియం ఆ ముల్లులోనే ఉంది. అలాంటి చిన్న చేపలు ఎండి, పొడై, చెరువుల్లో రొయ్యల మేతగా మారుతున్నాయి. పిల్ల తినవలసింది రొయ్య తింటోంది. ఇది నాకు మింగుడుపడదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది ఉండాల్సిందే. 2025లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధకాల భృతిని 20 వేల రూపాయలు చేసింది. మంచి పని. అయితే అది పడవెక్కేవాళ్ళ లెక్కన వస్తుంది. చేప ఎండబెట్టి, గంప నెత్తినపెట్టుకుని ఊరూరా అమ్మే ఆడమనిషికీ ఆ రెండు నెలలూ సంపాదన లేదు. పైగా అప్పు వాకిట్లో కూర్చున్న ఇంట్లో ఏ డబ్బయినా ముందు అప్పుకే పోతుంది. అందుకే డబ్బుతోపాటు తిండి కూడా చేరాలంటాను.

పొరుగున ఒడిశాలో, మయూర్‌భంజ్ జిల్లా అంగన్‌వాడీల్లో ఎండుచేపల పొడిని పిల్లల భోజనంలో కలిపి చూశారు. ఆ జిల్లాకు సముద్రమే లేదు. సముద్రం గుమ్మంలో ఉన్న మన అంగన్‌వాడీలు ఆ పని ఎందుకు చేయకూడదు? ఇసుకమీద కాకుండా శుభ్రమైన తిన్నెలమీద చేప ఎండబెట్టుకునే వీలు కల్పించి, అదే పల్లె ఆడవాళ్ళ దగ్గర కొంటే, వాళ్ళకూ నాలుగు డబ్బులు మిగులుతాయి.

వేట ఆగే తేదీ ప్రతి ఏడూ అందరికీ ముందే తెలుసు. ఆ తేదీకి పప్పు, నూనె, గుడ్లు ఆ ఇళ్ళలో ఉండాలి. ఈ సభకు వచ్చిన అధికారులకు నా విన్నపం ఇదొక్కటే.